పక్కనే ఆడినవాడిని అడగని ప్రశ్న

మొన్న మెల్‌బోర్న్ శివార్లలో మా టార్నీట్ స్టేషన్లో ఒక కుర్రాడు నన్ను గుర్తుపట్టి పలకరించాడు. మా వీధి చివర ఇంట్లో ఉంటాడు, సిటీలో ఏదో బ్యాంకులో పని. రైలు ఆలస్యం. మాటల్లో, "అంకుల్, మీరు వై టూ కే బ్యాచ్ కదా. అప్పుడు యాక్చువల్‌గా మీరంతా ఏం చేశారు? ఫైనల్‌గా ఏమీ అవలేదు కదా," అన్నాడు.

నిజమే, ఏమీ అవలేదు. ఏమీ అవకుండా చూడ్డానికే మమ్మల్ని విమానాల్లో తెచ్చి దింపారు. ఆ మాటంటే గొప్పలకు పోయినట్టుంటుందని ఊరుకున్నాను. రైలు వచ్చింది. అతను ఫోన్లో పడ్డాడు. నేను కిటికీ పక్కన కూర్చుని, ఆ కుర్రాడికి చెప్పదగ్గది నా ఉద్యోగంలో ఏముందా అని వెతుక్కున్నాను. ఇన్నేళ్ళు చేసి రిటైరైనవాడి దగ్గర బోలెడు సంగతులుండాలి. నా దగ్గర ఒక్కటే తేలింది. దాన్ని మీలాంటి చిన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. కంప్యూటర్ల గురించి ఇందులో పెద్దగా ఏమీ ఉండదు.

మాది ఏలూరు. హైదరాబాద్‌లో అద్దె గదిలో ఉండి కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి చివరి రెండంకెలే రాసేవారు. రెండువేలు రాగానే యంత్రం దాన్ని పంతొమ్మిది వందలనుకుంటుందని ప్రపంచమంతా కంగారు పడింది. ఆ కంగారు పుణ్యమా అని నేను మెల్‌బోర్న్ వచ్చిపడ్డాను. భార్య, మూడేళ్ళ పాప ఏలూరులోనే. వాళ్ళ వీసాకి కాగితాలు పెట్టాల్సింది నన్ను తెచ్చిన ఏజెంటు. అతను మా వైపువాడే. మేమంతా అతన్ని 'అన్న' అనేవాళ్ళం. మమ్మల్ని రకరకాల ఆఫీసులకు పంపేవాడు. మా వీసాలు అతని కంపెనీ పేరు మీద ఉండేవి. అతను కాదంటే నెల తిరక్కుండా పెట్టె సర్దుకోవలసిందే. మేం సంతకం పెట్టిన ఒప్పందంలో ఒక షరతుంది. అతనికి చెప్పకుండా ఇంకో కంపెనీ గడప తొక్కకూడదు.

నన్ను నీళ్ళ బిల్లులు వేసే ఒక సంస్థకు పంపాడు. నాతోబాటు కర్నూలు కుర్రాడొకడు. వాళ్ళింట్లో ఉర్దూ, బయట తెలుగు. మేమంతా అతన్ని 'భాయ్' అని పిలిచేవాళ్ళం. నాకన్నా రెండేళ్ళు చిన్న, పనిలో నాకన్నా చాలా చురుకు. మా జట్టుకు అతనే లీడ్. ఫుట్‌స్క్రే అనే పేటలో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. నేను పప్పు వండితే అతను మాంసం వండేవాడు, ఇద్దరం రెండూ తినేవాళ్ళం.

ఆఫీసులో నాకు జోడీగా ఇచ్చింది ఒక ఐర్లండ్ పెద్దాయన్ని. బిల్లుల విభాగంలో గుమాస్తాగా చేరి అక్కడే ముసలాడైనవాడు, ఆ ఏడాది చివరికి రిటైరవుతాడు. మా పని చెబితే మీరు నవ్వుతారు. సరిచేసిన ప్రోగ్రాము వేసిన బిల్లూ, పాతది వేసిన బిల్లూ పక్కపక్కన పెట్టుకుని, ఒకరు చదవడం, ఒకరు టిక్కు పెట్టడం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే. నేను ఆయన్ని 'సర్' అంటే విసుక్కునేవాడు. "ఆ మాట ఆఖరిసారి నేను బళ్ళో అన్నాను. అన్న తర్వాత ఎప్పుడూ బెత్తం పడేది," అనేవాడు. పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఏమీ అనకుండా మాట్లాడ్డం అలవాటు చేసుకున్నాను.

ఆయన కుడిచేతి చిటికెనవేలు బయటికి తిరిగి ఉండేది. కాగితం తిప్పినప్పుడల్లా అది తక్కిన వేళ్ళతో సంబంధం లేనట్టు గాల్లో నిలబడేది. ఏమైందని చాలా రోజులు అడగలేదు.

ఆదివారాలు మేం తెలుగువాళ్ళం నలుగురూ చేరి ఫుట్‌స్క్రేలో ఒక పార్కులో క్రికెట్ ఆడేవాళ్ళం. టెన్నిస్ బంతికి టేపు చుట్టి ఆట. ఒక ఆదివారం పెద్దాయన కుక్కను తీసుకుని అటు వచ్చాడు. ఆయన ఇల్లు ఆ దగ్గర్లోనే అని అప్పుడే తెలిసింది. లోపలికి రమ్మని చెయ్యి ఊపాను. రాలేదు. కంచె బయటే, సగం వీపు మావైపు పెట్టి నిలబడ్డాడు. ఆట అయ్యేదాకా మాత్రం కదల్లేదు.

మర్నాడు భోజనాల వేళ, "మా ఆట మీకు నచ్చలేదనుకుంటాను," అన్నాను.

"చాలా నచ్చింది. ఇబ్బందల్లా అదే," అన్నాడు. "నేను క్రికెట్ చూసి శిక్ష పడ్డవాణ్ణి."

హాస్యమనుకున్నాను. ఆయన శాండ్‌విచ్ కాగితం విప్పుకుంటూ మామూలుగా చెప్పాడు. ఆ రోజు మొదలుపెట్టిన కథ చాలా వారాలు సాగింది, భోజనం వేళకు కొంచెం కొంచెంగా.

ఐర్లండ్ పడమటి వైపు ఒక పల్లె ఆయనది. నాలుగు చెక్కల పొలం, పశువులు, పొయ్యిలోకి మట్టిగడ్డలు తవ్వి ఎండబెట్టుకునే బురదనేల. అక్కడ గేలిక్ ఫుట్‌బాల్ అని ఒక ఆట. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. రెండు గుంజల మధ్య అడ్డకడ్డీ పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలో పడితే మూడు. ఊరు తరఫున ఆడి, బాగా ఆడితే జిల్లా తరఫున ఆడతారు. మన మాటలో జిల్లా అంటున్నాను, వాళ్ళకు అదే దేశం లాంటిది. డబ్బులివ్వరు. ఆట అయ్యాక టీ, రొట్టె. ఆదివారం ప్రార్థన అయ్యాక అద్దె కారులో అంతా ఇరుక్కుని వెళ్ళి ఆడడం, సోమవారం తెల్లారి ఎత్తలేని చేతులతో పాలు పిండడం.

ఆయన పంతొమ్మిదేళ్ళకు జిల్లా జట్టులోకి వచ్చాడు. వెనక మూల ఆటగాడు, కార్నర్ బ్యాక్. గోలు కాసే గోలీ ముందు ముగ్గురుంటారు. నడుమ ఫుల్‌బ్యాక్, అటూ ఇటూ మూలల్లో ఇద్దరు. ఆ రోజుల్లో గోలీ చేతిలో బంతి ఉంటే ఎదుటివాళ్ళు భుజంతో గుద్ది గోలీని బంతితో సహా వలలోకి నెట్టేయొచ్చట. అదీ గోలే.

"మరి మీ పని?"

"ఆ నెట్టేవాళ్ళను నెట్టడం," అన్నాడు. "నేను ఆడినన్నాళ్ళూ ఒక్క పాయింటు కొట్టలేదు. కొట్టమని ఎవరూ అడగలేదు కూడా. నా పేరు పేపర్లో వచ్చిందంటే నా మూలలోంచి గోలు పడిందని అర్థం."

ఆ నడుమ నిలబడే ఫుల్‌బ్యాక్ గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన ముఖం తేటపడేది. భారీ మనిషి. పక్క ఊరివాడే. జిల్లా రోడ్ల పనిలో కూలీ. బంతి పైనుంచి వస్తుంటే "నాది" అని ఒక్క కేక పెట్టేవాడట. ఆ కేక వింటే ఇక చూడక్కర్లేదు. మిగతా ఇద్దరూ పక్కకు తప్పుకుని, ఎదుటివాళ్ళు అతని మీద పడకుండా అడ్డుకోవడమే. గాలీ వానా ఉన్న రోజుల్లో, తోలు బంతి నీళ్ళు పీల్చి బండరాయిలా దిగుతున్నప్పుడు, ఆ కేకే వాళ్ళకు ధైర్యం.

"ఈ వేలు సరిచేసింది అతనే. ఆట మధ్యలో, మైదానంలోనే పట్టి లాగాడు," అని చిటికెనవేలు చూపించాడు. "తప్పువైపు లాగాడు."

ఇక శిక్ష సంగతి. ఆ దేశం ఇంగ్లీషువాళ్ళ చేతిలోంచి బయటపడి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఇంగ్లీషువాళ్ళ ఆటలు, క్రికెట్టు, రగ్బీ లాంటివి, ఆడితే గేలిక్ ఆటగాణ్ణి తీసేసేవారు. ఆడనక్కర్లేదు, నిలబడి చూసినా అంతే. మనవాళ్ళు విదేశీ గుడ్డలు తగలబెట్టినట్టు అనుకున్నాను. ఎవరు ఏ ఆట చూస్తున్నారో కనిపెట్టడానికి మనుషులుండేవారట.

ఆ ఏడు వాళ్ళ జిల్లా ఫైనల్‌కు వచ్చింది. ఒక తరం నుంచీ రానిది. ఫైనల్‌కు ముందు ఆయనా, ఫుల్‌బ్యాకూ దూడల్ని అమ్మడానికి పట్నం సంతకు వెళ్ళారు. దూడలు అమ్ముడుపోయాయి, బస్సుకు ఇంకా టైముంది. సంత పక్క గోడ అవతల బ్యాంకు గుమాస్తాలెవరో క్రికెట్ ఆడుతున్నారు. ఈయన గోడెక్కి కూర్చున్నాడు.

"అంత తెల్లటి బట్టలు వేసుకుని పచ్చగడ్డి మీద ఎవరైనా ఆడడం నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు. "ఫుల్‌బ్యాక్ కిందనుంచి 'దిగు, దిగు' అంటూనే ఉన్నాడు. ఒక్క ఓవర్ చూసి దిగుతానన్నాను. ఓవర్ అంటే ఏమిటో నాకు తెలియదు. బస్సొచ్చేదాకా చూశాను."

వారం దాటాక జిల్లా ఆటల కమిటీ పిలిచింది. గోడెక్కావా అని అడిగారు. ఎక్కానన్నాడు. ఆరు నెలలు ఆడకూడదన్నారు. ఫైనల్ రోజున టిక్కెట్టు కొనుక్కుని జనంలో నిలబడి చూశాడట, పక్కన తండ్రి. ఆయన స్థానంలో కొత్త కుర్రాణ్ణి వేశారు.

"వాడు బాగా ఆడాడు," అన్నాడు పెద్దాయన. శాండ్‌విచ్ కాగితం మడుస్తూ, "అది ఇంకా కష్టంగా ఉంటుంది," అన్నాడు. జట్టు గెలిచింది. అందరికీ పతకాలొచ్చాయి, ఆయనకు తప్ప.

ఆ తర్వాత మేం మళ్ళీ బిల్లులు చదువుకున్నాం.

ఇక మా సంగతి. భాయ్ భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆమెను ఇక్కడికి తెచ్చుకోవాలని అతని ఆరాటం. అన్న ఎప్పుడడిగినా "చూద్దాం" అనేవాడు. సిటీలోనే ఇంకో కంపెనీ, తీసుకుంటే నేరుగా తామే వీసా ఇప్పిస్తామంది. ఒక శుక్రవారం భోజనాల టైములో ఇంటర్వ్యూ. అతనికి టై కట్టుకోవడం రాదు. ఆఫీసు బాత్రూంలో అద్దం ముందు నేనే కట్టాను. కిందదాకా వెళ్ళి, అతను వచ్చేదాకా ట్రామ్ స్టాపులో కూర్చున్నాను.

మర్నాడు శనివారం మధ్యాహ్నం, భాయ్ మసీదు దగ్గర స్నేహితుల ఇంటికి వెళ్ళిన వేళ చూసుకుని అన్న మా ఇంటికి వచ్చాడు. చేతిలో బిర్యానీ పొట్లం. నేను ప్లేట్లు తెస్తుంటే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తమ్ముడూ, నిన్న మనవాడు టై కట్టుకుని సిటీలో తిరిగాడంట. మన ఆఫీసులో టై ఎవడు కడతాడు? నాకు తెలిసినాయన చూసి చెప్పాడు."

నేను ప్లేట్లు బల్ల మీద పెట్టాను.

"సోమవారం ఆఫీసులో మేనేజర్ మేడమ్ దగ్గర కూర్చుందాం. శుక్రవారం వాడెక్కడికెళ్ళాడో నువ్వు ఒక్క మాట చెప్పు. అంతే. మిగతాది నేను చూసుకుంటా."

"నన్నెందుకు లాగుతారన్నా. అతన్నే అడగొచ్చుగా."

"నేనడిగితే కాదంటాడు. ఆవిడకి వాడంటే ఇష్టం. ప్రూఫ్ లేకుండా వాణ్ణి ఈ పనిలోంచి రిలీజ్ చెయ్యనంటోంది." పొట్లం నావైపు జరిపాడు. "మీ ఆవిడ, పాప కాగితాలు నా టేబుల్ మీదే ఉన్నాయి తమ్ముడూ. వాడి లీడ్ పొజిషన్ ఎవరో ఒకరికివ్వాలి. నేను బయటివాళ్ళకిస్తానా? వేడిగా ఉంది, తిను."

తిన్నాను. అది కూడా రాయాలి కదా. తిన్నాను.

భాయ్ వచ్చాక ఏమీ చెప్పలేదు. చెబితే భయపడతాడనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు కూడా. ఆదివారం నేను ఆటకు దిగలేదు. పెద్దాయన కుక్కతో వచ్చాడు. ఆయన పక్కనే కంచె బయట నిలబడి జరిగిందంతా చెప్పాను. విని, అప్పటిదాకా చెప్పని భాగం చెప్పాడు.

"నా సంగతి కమిటీకి చెప్పింది ఫుల్‌బ్యాకే."

నేను ఆయన వంక చూశాను.

"కమిటీ పెద్ద నన్ను బయటికి తీసుకొచ్చి, భుజం మీద చెయ్యేసి చెప్పాడు. 'నీ పక్కన ఆడేవాడే చెప్పాడు, ఏమనుకోకు' అన్నాడు. ఆ పెద్దే రోడ్ల పనికి మేస్త్రీ. ఫుల్‌బ్యాక్ కూలి ఆయన చేతిలో ఉంది. అతనికి నలుగురు పిల్లలు. నేను అర్థం చేసుకున్నాను. ఒక్క మాట అనలేదు."

"తర్వాత?"

"శిక్ష అయిపోయాక మళ్ళీ జట్టులోకి వచ్చాను. ఇంకో నాలుగేళ్ళు అతని పక్కనే ఆడాను. కానీ అతను 'నాది' అని అరవడం మానేశాడు. బంతి పైనుంచి వస్తుంటే చూస్తూ నాకు వదిలేసేవాడు. నేను అతనికి వదిలేసేవాణ్ణి. మా ఇద్దరి మధ్య పడి, ఎన్నిసార్లు గోలయిందో. మళ్ళీ ఫైనల్ ముఖం చూడలేదు. తర్వాత నేను ఓడెక్కి ఇటొచ్చేశాను."

"నన్నేం చెయ్యమంటారు?"

"నాకు తెలియదు. నేను మూలలో ఆడినవాణ్ణి. ఎదుటివాడు కదిలితే కదలడమే నాకు వచ్చు."

సోమవారం పొద్దున్న మేనేజర్ గదిలో కూర్చున్నాం. ఆవిడ ఆస్ట్రేలియా మనిషి, సూటిగా మాట్లాడుతుంది. అన్న ఇంగ్లీషులో చాలా మర్యాదగా మొదలుపెట్టి నావైపు తిరిగాడు. "శుక్రవారం నువ్వు అతనితో ఉన్నావు. ఎక్కడికెళ్ళాడో మేడమ్‌కు చెప్పు."

ఏలూరులో మా ఇల్లు కళ్ళముందుకు వచ్చింది. పాప అప్పటికే ఫోన్లో నన్ను 'నాన్న' అనడం మానేసి 'హలో' అంటోంది. ఇవన్నీ వచ్చాయి. నేను వీరుణ్ణేమీ కాదు. నా నోట్లోంచి వచ్చింది ఇంతే: "అతని గురించి అతన్నే అడగండి. నేను చెప్పను."

ఆవిడ నన్ను కాసేపు చూసి, "సరే, అది న్యాయమే," అంది. అన్న చిరునవ్వు చెదరలేదు. నన్ను వెళ్ళిపొమ్మన్నాడు. గెలిచాననుకుని నా బల్ల దగ్గరికి వెళ్ళి బిల్లులు చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భాయ్‌ని పిలిచారు. అతను మళ్ళీ తన కుర్చీలోకి రాలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. బట్టలు మడత పెడుతున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. తర్వాత తెలిసిందేమిటంటే, అన్న అతన్ని కారిడార్లోనే పట్టుకుని, "నీ రూమ్మేట్ మొత్తం చెప్పేశాడు, ఇంక దాచి లాభం లేదు" అన్నాడట. అతను నిజం ఒప్పుకున్నాడు. అప్పుడు నాకా సంగతి తెలియదు. అతని ముఖం చూసి మాత్రం ఏదో జరిగిందని అర్థమైంది.

భాయ్ సూట్‌కేసు మూసి, నావైపు చూడకుండా, "పోనీలే న్నా. నీకు పెండ్లాం బిడ్డ ఉండారు. నాకు తెలీదా. నేనేమీ అనుకోను," అన్నాడు.

కోప్పడి ఉంటే ఎదురు చెప్పేవాణ్ణి. అతను నన్ను క్షమించాడు. చెయ్యని తప్పుకు క్షమించేస్తే ఏమనాలో నాకు తెలియలేదు. సూట్‌కేసు ఒక వైపు పట్టుకుని మెట్లు దింపాను. సిటీకి అవతలి కొసన డాండెనాంగ్‌లో వాళ్ళ ఊరివాళ్ళెవరో ఉన్నారట, వాళ్ళ కారు వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు భోజనం వేళ పెద్దాయనకు ఇదంతా చెప్పాను. 'పెండ్లాం బిడ్డ ఉండారు, నేనేమీ అనుకోను' అన్న మాట నాకు చేతనైన ఇంగ్లీషులో చెప్పేసరికి ఆయన నమలడం ఆపేశాడు.

"నువ్వు చెప్పావని ఆ కుర్రాడితో ఎవరన్నారు?" అని అడిగాడు.

"ఏజెంటే అయి ఉండాలి. ఇంకెవరున్నారు?"

శాండ్‌విచ్ కాగితం మీద పెట్టేశాడు. చాలాసేపు ఆ వంకర వేలు బల్ల అంచు మీద రుద్దుతూ కూర్చున్నాడు.

"నాకు చెప్పిందీ ఆ కమిటీ పెద్దే," అన్నాడు.

"ఫుల్‌బ్యాక్‌ను మీరు అడగలేదా?"

"లేదు. నలుగురు పిల్లలున్నారు కదా అని ఊరుకున్నాను. నలభై ఏళ్ళ పైన అది నా మంచితనమనుకుంటున్నాను."

ఆ తర్వాత రెండు రోజులు ఆయన ఆఫీసుకు రాలేదు. మానడం అప్పటిదాకా నేను చూడలేదు. మూడోరోజు వచ్చి, కోటు కుర్చీకి తగిలించి, అడక్కుండానే చెప్పాడు. ఊళ్ళో ఉన్న చెల్లెలి ద్వారా ఫుల్‌బ్యాక్ ఫోన్ నంబరు పట్టుకున్నాడట. బతికే ఉన్నాడు, కూతురి దగ్గర. నిన్న సాయంత్రం, అక్కడ తెల్లవారే వేళ చూసుకుని చేశాడు.

"ఇద్దరికీ చెవులు సరిగా లేవు. మొదట వాన గురించి అరుచుకున్నాం. తర్వాత అడిగాను. ఆ రోజు కమిటీలో నా పేరు చెప్పింది నువ్వేనా అని."

"ఏమన్నాడు?"

"లైను తెగిపోయిందనుకున్నాను, అంతసేపు మాట్లాడలేదు. తర్వాత, 'నువ్వు అలా అనుకుంటున్నావని నాకు తెలుసు. అడుగుతావని నాలుగేళ్ళు చూశాను. నువ్వు ఓడెక్కేశావు,' అన్నాడు. నువ్వెందుకు చెప్పలేదన్నాను. 'అడగనిదానికి జవాబు చెప్పేవాడు దొంగలా కనిపిస్తాడు. సంతలో సగం మంది నిన్ను ఆ గోడ మీద చూశారు, మూర్ఖుడా,' అన్నాడు."

పెద్దాయన బిల్లుల కట్ట ముందుకు లాక్కున్నాడు కానీ తెరవలేదు.

"కేక ఎందుకు మానేశావని కూడా అడిగాను. తను అరిస్తే నేను తప్పుకుంటానన్న నమ్మకం పోయిందట. నేను మాట్లాడ్డం మానేశాను కదా. నేను తప్పుకోకపోతే ఇద్దరి తలలూ పగులుతాయి. అందుకని మానేశాడట." కట్ట అంచులు సరిచేస్తూ, "ఆ గోల్సన్నీ నా ఖాతాలోవే," అన్నాడు. తల ఎత్తకుండానే, "ఆ కుర్రాడు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నాడా?" అని అడిగాడు.

ఉన్నాడన్నాను.

"అయితే ఇక్కడ కూర్చున్నావేం," అన్నాడు.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను, పెద్దవేమీ కావు. రెండువేలు వచ్చింది, బిల్లులు సరిగ్గానే వచ్చాయి, మా పని అయిపోయిందని పంపేశారు. అన్న టేబుల్ మీద నా కాగితాలు కదల్లేదు. అతన్ని వదిలి, ఆస్ట్రేలియా ఉత్తర కొసన డార్విన్‌లో ఒక ఆస్పత్రి కంప్యూటర్ల గదిలో పని దొరికితే అటు వెళ్ళాను. వర్షాకాలంలో గోడలు కూడా చెమటలు పట్టే ఊరు. భార్యా, పాపా ఏడాది తర్వాత వచ్చారు. పాప మొదటి రోజు నా దగ్గరికి రాలేదు. లీడ్ పొజిషన్ లాంటిది మళ్ళీ నా జోలికి రాలేదు, నేనూ దాని వెంటపడలేదు. భాయ్‌ని ఇంటర్వ్యూ చేసిన కంపెనీ ఆ ఏడాదికి ఎవరినీ తీసుకోవడం లేదంది. అతను కానుపు వేళకు కర్నూలు వెళ్ళిపోయి, తర్వాత గల్ఫ్‌లో స్థిరపడ్డాడు. పెద్దాయన క్రిస్మస్‌కు రిటైరై, మరుసటి వేసవికి తన ఊరెళ్ళి వచ్చాడని విన్నాను. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అడగాలని ఉండేది. డార్విన్ నుంచి ఫోన్ చేస్తే ఎప్పుడూ కుక్క గురించే చెప్పేవాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తేవాళ్ళు లేకపోయారు.

నేను మౌనంగా ఉండి ఎవరికి ఏం మేలు చేశానంటే చెప్పలేను. భాయ్ ఉద్యోగం ఎలాగూ పోయింది, నా కాగితాలూ ఆగిపోయాయి. ఈ కథలో నీతి కోసం మీరు వెతికితే నాకూ చూపించండి.

కానీ పెద్దాయన 'ఇక్కడ కూర్చున్నావేం' అన్న మర్నాడే, శనివారం, నేను డాండెనాంగ్ వెళ్ళాను. రైలు దిగి, అడ్రసు పట్టుకుని ఎండలో చాలా దూరం నడిచాను. తలుపు భాయ్ తీశాడు. లుంగీ, బనీను, చేతిలో ఉల్లిపాయ.

"ఏం న్నా," అన్నాడు. లోపలికి రమ్మనలేదు.

"నేను చెప్పలేదు," అన్నాను. "ఆ గదిలో నువ్వెక్కడికెళ్ళావో నేను చెప్పలేదు. నిన్నే అడగమన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు."

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఇంట్లో ఎక్కడో టీవీ మోగుతోంది.

"మరి ఆ పొద్దే చెప్పకపోతివే. నేను బట్టలు సర్దుతా ఉంటే వాకిట్లో నిలబడి చూస్తా ఉంటివి కదా."

"నువ్వు అడుగుతావేమో అని చూశాను."

"నేనేం అడిగేది న్నా." ఉల్లిపాయ పొట్టు గోటితో లాగుతూ అన్నాడు. "అడిగితే నువ్వు కాదంటావు. నువ్వు కాదంటే నేను నమ్మాల్సొస్తాది. నమ్మితే ఆ రాత్రంతా ఎవర్ని తిట్టుకుంటా పండుకోవాల?"

ఇద్దరం గుమ్మానికి చెరోవైపు నిలబడ్డాం. వీధిలో ఎవరో గడ్డి కోసే యంత్రం మొదలుపెట్టారు.

కాసేపటికి అతను తలుపు ఇంకొంచెం తెరిచి పక్కకు జరిగాడు.

"రా. బూట్లు బయట్నే ఇడువు. ఈ ఇంటోడికి కార్పెట్ అంటే పాణం," అన్నాడు.